నీలం లారీ, ఎర్ర లారీ, నడుమ మొగిలి ఘాటు

ఈ కథను చిత్తూరు లారీ స్టాండులో నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. నాలుగూ తప్పే. నిజం అంతకన్నా ఘోరం. దొంగ ముట్టకుండా, దళారి ముంచకుండా, రెండెకరాల శనక్కాయ చేనును కేవలం సొంత తెలివితో ఎలా కొండపాలు చేసుకోవచ్చో నేను చేసి చూపించాను. నవ్వేవాళ్లు ఇక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.

డెబ్బైల చివరి మాట. పదేళ్లు ఇతరుల లారీలు తోలి విసిగిపోయి, సొంత లారీ కొందామని నాయన పంచి ఇచ్చిన చేను అమ్మేశాను. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు లారీ కొని చూడు అనలేదు. కొని చూసినవాడెవడూ చెప్పడానికి మిగల్లేదేమో! డీజిల్ తక్కువ తాగే బండి దొరికితే బతుకుతాం. లేదంటే చేనూ లేదు, కూడూ లేదు. మా ఆవిడ చెంగమ్మ భయమూ అదే.

"సేను పాయ. బండైనా సక్కంగా సూసి కొను. ఎవరినన్నా పెద్దోళ్లను అడుగు."

"నాకన్నా తెలిసినోడు ఈ జిల్లాలో యాడుండాడు?" అన్నాను. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు.

నా చదువు ఐదో తరగతి. మిగతాదంతా పొట్లాల కాగితాల మీద చదువుకున్నదే. అలాంటి ఒక కాగితంలోనే చూశాను: రెండు వస్తువులను పోల్చాలంటే మిగతావన్నీ సమానంగా ఉండాలట. ఆపైన కాగితం చిరిగిపోయింది. చిరిగిన సగంలో ఏముందో అని ఇప్పటికీ నా మనసు పీకుతూనే ఉంటుంది.

అమ్మకానికి రెండు బండ్లున్నాయి. నీలం లారీ చిత్తూరులో మునిరత్నంది, ఎర్ర లారీ పలమనేరులో వెంకటప్పది. వయసు ఒకటే, ధర ఒకటే, టాంకులూ ఒకే కొలత. మరి ఏది ఎంత తాగుతుంది? ఆ కుతూహలం నా తల తినేసింది. వెదురుబద్దకు గాట్లు పెట్టి, టాంకులో ముంచి చూసే కొలబద్ద ఒకటి తయారుచేశాను.

నీలం లారీలో నలభై బస్తాల బెల్లం వేసి, మునిరత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చిత్తూరులో బయలుదేరాను. మొగిలి ఘాటు రోడ్డులో ఆ బండి, పెళ్లిభోజనం తిని మేడ ఎక్కుతున్న కరణంలాగా రొప్పుతూ ఎక్కింది. పలమనేరులో బద్ద ముంచితే ఎనిమిది గాట్లు తగ్గింది!

"ఎనిమిదా! ఇది టాంకా, కల్లుకుండా?"

"అది గాదప్పా, ఆ ఘాటులో..." అని మునిరత్నం నసిగాడు.

"గమ్మునుండు. శాస్త్రం ముందర సాకులు నిలబడవు."

ఆ నలభై బస్తాలనే దించి ఎర్ర లారీలోకి ఎక్కించమన్నాను. కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అన్నా, చిత్తూరు నుంచి తెచ్చిన బెల్లాన్ని మళ్లా చిత్తూరుకే తీసకపోతావా?"

"అదేరా శాస్త్రమంటే."

"మాకు తెలిసి దాన్ని ఇంకో మాట అంటారులే" అని బస్తాలు మోశారు.

అదే లోడు, అదే దారి, అదే డ్రైవరు. పొద్దున నాలుగు ఇడ్లీలు తిని బయలుదేరాను కదా, నా బరువులో తేడా రాకూడదని పలమనేరులోనూ నాలుగే తిన్నాను. వెంకటప్ప ఎంత బతిమాలినా ఐదోది ముట్టలేదు. ఇంత నిష్ఠ ఏ మునికైనా ఉంటుందా, మీరే చెప్పండి.

చిత్తూరు చేరి బద్ద ముంచితే మూడే గాట్లు! నా పక్కన కూర్చుని వచ్చిన వెంకటప్పే నోరు తెరిచాడు.

"నాకెప్పుడూ ఇట్ల రాలేదే! ఇన్నేండ్లు తోలినానే!"

"తోలడం రావాలప్పా" అన్నాను మీసం దువ్వుతూ.

మా వెనకాలే నీలం లారీలో దిగివచ్చిన మునిరత్నం, "సామీ, ఇప్పుడు నా టాంకులో కూడా ఒక తూరి బద్ద ముంచి సూడు" అన్నాడు.

"ఖాళీగా వచ్చిన బండికి కొలతేంది? లోడు సమానమా?" అని కసిరాను.

ఎర్ర లారీ కొన్నాను. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. మొదటి లోడు బెంగళూరుకు. మొగిలి గుడిలో టెంకాయ కొడదామని చెంగమ్మ కూడా ఎక్కింది. నా లెక్కకు పలమనేరు దాకా మూడు గాట్ల డీజిల్ చాలు, ఆపైకి అక్కడ పోయించుకోవచ్చు. ఖాళీ టాంకులో ధర్మబుద్ధితో నాలుగు పోయించాను. టెంకాయ కొట్టాం, ఘాటు ఎక్కడం మొదలుపెట్టాం. సగంలో లారీ నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. టాంకులో చుక్క లేదు.

"దొంగలు! డీజిల్ ఎవడో తీసినాడు!" అని కొండంతా వినబడేలా అరిచాను. కారుతోందేమోనని బండి కిందికి దూరి వెతికాను. బయటికి వచ్చేసరికి చెంగమ్మ చేతిలో కొబ్బరి చిప్పతో నిలబడి ఉంది.

"ఆ పొద్దు నీలం బండిని యాడి నుంచి యాడికి తోలినావు?"

"చిత్తూరు నుంచి పలమనేరుకు."

"ఎర్రదాన్ని?"

"పలమనేరు నుంచి చిత్తూరుకు. అదే దారి! అడుగు తేడా లేదు!"

ఆమె ఘాటు పైకి చూసింది. కిందికి చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది.

"దిగేటప్పుడు మా నాయన ఎద్దులు గూడా మేత అడగలేదు" అంది.

లోడు సమానం చేశాను, డ్రైవరును సమానం చేశాను, ఇడ్లీలను సమానం చేశాను. కొండను మరిచిపోయాను. చిరిగిపోయిన కాగితంలో ఆ కొండే ఉండి ఉంటుంది!

కాసేపటికి వెనక నుంచి నీలం లారీ వచ్చింది. మునిరత్నం దిగి తన డబ్బాలోని డీజిల్ మా టాంకులో పోశాడు. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి తల బయటపెట్టి, "తోలడం రావాలప్పా" అని వెళ్లిపోయాడు.

నేను ఓడిపోయే రకమా? ఎర్ర లారీ దిగడంలో మొనగాడని రుజువైంది కదా! తిరిగొచ్చాక స్టాండులో బ్రోకరును పట్టుకున్నాను.

"ఇకమీదట నాకు ఘాటు దిగే లోడ్లే ఇయ్యప్పా. ఎక్కేటివి వద్దు."

బ్రోకరు బీడీ నోట్లోంచి తీశాడు. "అట్లే ఇస్తా. దినమూ దిగు. అయితే దిగేదానికి ముందు పైకి ఎట్ల పోతావప్పా?"

ఆ నవ్వు చంద్రగిరి కోట దాకా వినబడి ఉంటుంది.

పదకొండేళ్లు ఆ ఎర్ర దాహాన్నే తోలి పిల్లలను సాకాను. కనుక ఏడుకొండలవాడి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను: లారీ కానీ, మనిషి కానీ, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండు తూర్లు చూడనిదే తీర్పు చెప్పను. శాస్త్రం కోసం ఐదో ఇడ్లీని మాత్రం జన్మలో వదులుకోను.