తప్పు పద్నాలుగో పేజీది, మునిరత్నం అన్నది కాదు

నిన్న పొద్దున టిఫిన్ బాక్స్ సర్దుకుంటుంటే చంద్రగిరి నుంచి ఫోన్. మునిరత్నం అన్న భార్య, మా వదిన.

"మీ అన్న లేయలా సుజాతా. పిలిస్తే పలకలా."

నాకు అర్థం కాలేదు. డాక్టర్‌ను పిలిచారా అని అడుగుతున్నాను.

"డాక్టరు వచ్చి పోయినాడు మ్మా" అంది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న సాయంత్రం ఆఫీసు గేటు దగ్గర నాతో మాట్లాడి, హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ ఎక్కిన మనిషి.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. అన్న సొంతూరు ఐరాల పక్కన పల్లె. తిరుపతిలో మా కాలేజీ మెయిల్ సర్వర్ చూసేవాడు. నాది పక్క సీటు. మెయిల్స్ సరిగ్గా వస్తున్నంత కాలం అలాంటి మనిషి ఒకడు ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. పాతబడిపోయిన సమాచారం కళ్లబడితే ఊరుకోలేడు.

ఒకసారి ఆఫీసులో ఒకరి పెళ్లికి వెళ్తూ పూతలపట్టు క్రాస్‌లో బస్సు కోసం నిలబడ్డాం. బోర్డు మీద టైము ఉంది. బస్సు మాత్రం రాదు. టీ కొట్టాయన నవ్వి, "ఆ బస్సు నిలిపేసి శానా దినాలైందప్పా" అన్నాడు.

నేను ఆటో పిలిచి పెళ్లికి వెళ్లి భోంచేసి మర్చిపోయాను. ఈయన మర్నాడు డిపోకు వెళ్లి కనుక్కుని, ఆదివారం పెయింటు డబ్బాతో మళ్లీ పూతలపట్టు వెళ్లి ఆ లైను కొట్టేసి వచ్చాడు.

నీకెందుకన్నా ఇదంతా అంటే, "బోర్డును నమ్మి రేపు ఎవురో ముసిలామె ఎండలో నిలబడుకోనుంటాది గదా" అన్నాడు.

మా సర్వర్‌లో వాడేది ఫ్రీ సాఫ్ట్‌వేర్. దాన్ని ఎలా పెట్టుకోవాలో చెప్పే డాక్యుమెంటేషన్ ఇంటర్నెట్‌లో ఉంటుంది. అందులో తప్పుంటే ఎవరైనా దిద్ది పంపవచ్చు. అన్న లంచ్ టైములో చేసేది అదే.

ముందుగా, పేజీలో ఉన్నది ఉన్నట్టు ఒక పాత కంప్యూటర్‌లో చేసేవాడు. చెడిపోతే ఎక్కడ చెడిందో చూసి, సరైన లైను రాసి పంపేవాడు.

"కొత్త వెర్షన్‌లో ఈ సెట్టింగు తీసేసినారు మ్మా. పేజీలో మాత్రం ఇంకా ఉండాది" అని పెరుగన్నం తింటూ నాకు చూపించేవాడు.

ఆయన ముఖం కూడా చూడని దేశాల వాళ్లు థాంక్స్ రాసి ఆ దిద్దుబాట్లు తీసుకున్నారు. ఆ పేజీల కింద ఆయన పేరు ఇప్పటికీ ఉంది.

మా ఆఫీసులో మాత్రం మెమో ఇచ్చారు.

మనిషి పోయిన మర్నాడే ఇవన్నీ ఎందుకు అంటారేమో. ఇప్పుడే చెప్పాలి.

మా డైరెక్టర్ గారు ఆ డాక్యుమెంటేషన్ పాత పేజీల నుంచి కాపీ కొట్టి, కాలేజీ కోసం మెయిల్ సర్వర్ గైడ్ ఒకటి అచ్చు వేయించారు. అట్ట మీద ఆయన ఫోటో. అందులో పద్నాలుగో పేజీ ప్రకారం చేస్తే, మా సర్వర్ నుంచి ఎవడైనా ఎవరి పేరుతోనైనా మెయిల్ పంపవచ్చు. తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించి పోయినట్టు.

ఆ పేజీ తప్పని అన్న మూడుసార్లు లెటర్ రాసి ఇచ్చాడు. మూడోసారి నేను పక్కనే ఉన్నాను.

"నా బుక్కులో తప్పు పట్టేంత పెద్దోడివైపోయినావా?"

"నేను కాదు సార్. చేసి చూడండి, అదే చెప్తాది."

అన్న జ్వరంతో సెలవులో ఉన్న వారం, కొత్త సర్వర్‌ను డైరెక్టర్ గారే దగ్గరుండి గైడ్ ప్రకారం పెట్టించారు. రెండో రోజుకల్లా ఎక్కడెక్కడి దొంగలో మా కాలేజీ పేరుతో చెత్త మెయిల్స్ పంపారు. బయటి కంపెనీలన్నీ మమ్మల్ని బ్లాక్ చేశాయి. ఇంటర్వ్యూలకు రమ్మని మేం పంపిన లెటర్లు పిల్లలకు చేరలేదు.

ఎంక్వైరీ రిపోర్టులో తప్పు మునిరత్నానిదే అని రాశారు. సంతకం డైరెక్టర్ గారిది. దాని మీదే మెమో ఇచ్చి, సర్వర్ గది తాళాలు లాక్కుని, అన్నను ఐడీ కార్డుల లామినేషన్ కౌంటర్‌లో కూర్చోబెట్టారు.

ఏడాదిగా ఆ మెమో మీద అప్పీళ్లు పెడుతూనే ఉన్నాడు. సీటు కోసం కాదు.

"తప్పు జేసినోడని నా పేరు ఆ కాగితంలో ఉండకూడదు మ్మా. అంతే" అనేవాడు.

ఆ పేరు తీయించుకోకుండానే పోయాడు.

నిన్న సాయంత్రం చంద్రగిరి నుంచి బస్సులో తిరిగి వస్తూ ఫోన్ తెరిస్తే డైరెక్టర్ గారి పోస్ట్. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటో. "నా కుడిభుజం పోయింది. నా గైడ్ తయారీలో మునిరత్నం సహకారం మరువలేనిది." కింద అందరి దండాలు.

కుడిభుజమా? ఆ భుజాన్ని నరికింది ఎవరు సార్?

సహకారమా? ఆయన చేసిన సహకారం మూడు లెటర్లు. మూడూ మీ సొరుగులో ఉన్నాయి.

శవాల మీద పేలాలు ఏరుకోవడం అంటే వినడమే గానీ నిన్ననే చూశాను.

అవును, నాకు ఒళ్లు మండుతోంది. ఏడవాల్సింది తర్వాత ఏడుస్తాను.

ఈ రోజు పొద్దున ఆఫీసుకు వెళ్లాను. అన్న వాడిన ఆ పాత కంప్యూటర్ కౌంటర్ కింద దుమ్ము కొట్టుకుని ఉంది. తుడిచి ఆన్ చేసి, గైడ్ పక్కన పెట్టుకుని, పద్నాలుగో పేజీలో ఉన్నది ఉన్నట్టు చేసి దాన్ని మెయిల్ సర్వర్‌గా పెట్టాను. ఒక్క అక్షరం మార్చలేదు.

సార్, పదకొండున్నరకు మీ పేరుతో, మీ అడ్రస్ నుంచే ఒక మెయిల్ ప్రిన్సిపాల్ గారికీ, ఎంక్వైరీ కమిటీకీ, మీకూ వచ్చింది కదా. "తప్పు నా గైడ్‌ది. మునిరత్నం మీద ఇచ్చిన మెమో వెనక్కి తీసుకుంటున్నాను" అని.

అది మీరు పంపలేదు. నేను పంపాను.

కంప్లైంట్ ఇవ్వండి. పాస్‌వర్డ్ లేకుండా సార్ పేరుతో ఎలా పంపావు అని కమిటీ వాళ్లు నన్ను అడగాలి. నేను మీ గైడ్ తెరిచి వాళ్ల ముందు పెట్టాలి. అప్పుడు మీరు ఏం చెప్తారో వినడానికి వదినను కూడా తీసుకొస్తాను.

ఇక పోయిరా అన్నా. నీకు శాంతి కలగాలి.

డైరెక్టర్ గారికి మాత్రం, ఆ మెమో తన చేత్తో చించేదాకా, కలగకూడదు.