మ్యాచింగ్ రాని ల్యాబు మనిషి

ముందే ఒప్పుకుంటున్నాను. ఆ రోజు ఒక తమ్ముడి ఆశను రెండంకెల తేడా చూసి తుంచేశాను. అదీ పట్టపగలు, పూర్తి మెలకువలో, కళ్లజోడు తుడుచుకుని మరీ.

సూరత్‌లో ఒక ల్యాబులో నా ఉద్యోగం. కిడ్నీ ఇచ్చేవారి కణజాలమూ పుచ్చుకునేవారి కణజాలమూ కలుస్తాయా అని డీఎన్ఏ చూసి చెప్పడం మా పని. అప్పుడే కొత్త యంత్రం వచ్చింది. పాత పద్ధతితో దాన్ని పోల్చి చూసే బాధ్యత మా మేడం నాకిచ్చారు. కోతికి కొబ్బరికాయ దొరికితే దొర్లిస్తూ కూర్చుంటుంది. నేను పగలగొట్టి ప్రసాదం కూడా పంచాను.

లక్ష్మి అనే ఆమె తన తమ్ముడికి కిడ్నీ ఇస్తానని వచ్చింది. అతను మరమగ్గాల కార్మికుడు, డయాలసిస్ మీద బతుకుతున్నాడు. అతని పరీక్ష పాత పద్ధతిలో ఎప్పుడో అయింది. అక్కది నేను కొత్త యంత్రంలో చేశాను. అతని కాగితంలో ఒకచోట 02 అని ఉంది. ఆమె కాగితంలో అదేచోట 02:11. మిగతా గళ్లలోనూ అంతే, అతనికి తల, ఆమెకు తలా తోకా.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి కలవలేదని చెప్పేశాను. "అచ్ఛా సార్" అని పెట్టేశాడు. ఆ తర్వాత, బయట కూర్చున్న అక్కను లోపలికి పిలిచి తీర్పు వినిపించాను.

"గట్లెట్ల సారూ? ఒక్క తల్లి బిడ్డలం!"

"తోబుట్టువులైనా కలవాలని లేదమ్మా. అది సైన్సు."

"జర ఆ కాయితాలు ఇటియ్యి."

"మీకు అర్థం కాదమ్మా."

(తిట్టుకోండి, ఆగుతాను.)

ఆమె రెండు కాగితాలూ కిటికీ వెలుగులో పట్టుకుంది.

"రెండూ సున్నా రెండే గదా. దీనికి ఎన్క తోక ఉన్నది."

"ఆ తోకేనమ్మా తేడా!"

"సారూ, సలాబత్‌పురా బట్టల బజార్ల పన్నెండేండ్ల సంది చీరలకు జాకెట్ ముక్కలు మ్యాచింగ్ చూస్తున్న. ఒకడు చిట్టీ మీద ఎరుపని రాసిండు. ఇంకొకడు ఎరుపు పదకొండో నంబరని రాసిండు. రెండూ కలవయని చెప్తమా? నీది ఏ ఎరుపు భాయ్ అని మొదటోన్ని అడుగుతం!"

రెండు కాగితాలూ ఆమె చేతిలోంచి తీసుకుని పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే. పాత పద్ధతి గుంపు పేరు చెప్పి ఊరుకుంటుంది. కొత్తది ఆ గుంపులో ఎవరో కూడా చెబుతుంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది యంత్రం లెక్కపెట్టి చూపిస్తే, దాన్నే తేడా అన్నాను.

మేడం దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను.

"పద్ధతుల్ని పోల్చమంటే మనుషుల్ని విడగొట్టావా?"

"అవును మేడం."

"ఇప్పుడేం చేస్తావ్?"

"తమ్ముడిది కూడా కొత్త యంత్రంలో చేస్తాను. అంతకుముందు అతని దగ్గరికి వెళతాను."

"చెయ్యి సారూ," అంది లక్ష్మి తలుపు దగ్గర నుంచి. "కలిసిందో లేదో తేలేదాక రోజూ వస్త. నన్ను పొమ్మనకు."

ఆ మధ్యాహ్నమే డయాలసిస్ వార్డులో అతని మంచం పక్కన నిలబడి, తప్పు నాదేనని, ఇంకా ఏమీ తేలలేదని చెప్పాను. మూడో రోజు ఫలితం వచ్చింది. తలలూ తోకలూ అన్నీ కలిశాయి. ముందు అతనికి చెప్పి, అక్కడి నుంచి సలాబత్‌పురాలో లక్ష్మి పనిచేసే దుకాణానికి వెళ్లి, కొనేవాళ్లందరి ముందూ ఆమెకు దండం పెట్టాను.

"కలిసిందమ్మా. నన్ను క్షమించు."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"గందుకే సారూ, మా శేఠ్ కొత్తోల్లతోని ఆర్నెల్లు పొట్లాలు కట్టిపిస్తడు. మ్యాచింగ్ దిక్కు రానియ్యడు."

తాపీ నది సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఏ కాగితం ఏ పద్ధతిదో చూడకుండా ఇకమీదట నా నోట "కలవలేదు" అన్న మాట రాదు. వచ్చిందా, శేఠ్ గారి దుకాణంలో పొట్లాలు కట్టడానికి నేను సిద్ధం.