ఇసుక మూటతో మూడు చుట్లు

పోయిన గురువారం పొద్దున కొండ ఊళ్ళకు పట్టుకుపోవాల్సిన చీరలు మడత పెడుతుంటే, పెద్దమ్మ పంపిన మనిషి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "పెద్దనాయన పోయినాడప్పా. చద్దన్నం తిని పనికి కూర్చున్నాడు, కూర్చున్నట్టే పోయినాడు. సూది చేతిలోనే ఉండాది" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. ఇక నా మూట ఎవరు చూసి పంపుతారని భయం. మనిషి పోయాడని వినగానే ముందు తన వీపు సంగతి తలుచుకునేవాణ్ణి ఏమనాలో మీరే అనుకోండి. ఆయన మాత్రం ఏమీ అనేవాడు కాదు. నా భయాన్ని చూసి నవ్వని మనిషి ఈ గుడియాత్తంలో ఆయన ఒక్కడే.

ఆయన నాకు చుట్టం కాదు. మాది మగ్గాల ఇల్లు, ఆయనది తోలు పని చేసే క్రైస్తవ కుటుంబం. మా వీధి నుంచి వాళ్ళ వీధికి నడిస్తే వంద అడుగులు కూడా ఉండవు గానీ, మా వాళ్ళెవరూ ఆ వంద అడుగులు నడిచేవాళ్ళు కాదు. పెద్దనాయనా అని ఎప్పటి నుంచి పిలిచానో నాకే గుర్తులేదు. తెల్లదొరలు ఉన్నన్నాళ్ళు ఆయన వేలూరులో గుర్రాలకు జీనులూ, వేటకు పోయే దొరలకు వీపున వేసుకునే మూటలూ కుట్టాడు. దొరలు ఓడలెక్కాక ఆ పని పోయింది. భార్యను, నేను పెద్దమ్మ అని పిలిచే ఆమెను, తీసుకుని గుడియాత్తం వచ్చి పాక వేసుకున్నాడు. ఉప్పూ గుడ్డలూ వీపున వేసుకుని కొండెక్కేవాళ్ళకూ, కొండ నుంచి చింతపండు దింపేవాళ్ళకూ, అడవిపంది వేటకు పోయి మాంసం మోసుకొచ్చేవాళ్ళకూ మూటలు కట్టి ఇచ్చేవాడు. వెదురు చట్రం, దానికి గోనెసంచి, రెండు భుజం పట్టెలు, నడుముకు వెడల్పాటి తోలు పట్టె. అంతే సరుకు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు, మగ్గం మీద వచ్చేది చాలక నేను చీరలు మోసుకుని కొండెక్కడానికి సిద్ధమయ్యాను. నేను పుట్టు పిరికివాణ్ణి. చిన్నప్పుడు పాము కనబడినా కుక్క మొరిగినా అక్క వెనక దాక్కునేవాణ్ణి. అలాంటివాణ్ణి ఆయన పాకకు పోయి, వేలాడుతున్నవాటిలో అన్నిటికన్నా పెద్ద మూట చూపించి అది కావాలన్నాను. పొడుగాటి మనిషిని కదా, పెద్దదే సరిపోతుందని నా తెలివి. ఆయన నా ముఖం చూడలేదు. వెనక్కి తిప్పి నిలబెట్టి, తల వంచమని, మెడ కింద పొడుచుకొచ్చే ఎముక మీద ఒక తాడు కొస పెట్టి తుంటి ఎముక దాకా సాగదీశాడు.

"నీ పొడుగంతా కాళ్ళలో ఉండాది నాయనా. వీపు పొట్టి. అది కట్టినావంటే బరువు నడుం కిందికి జారి నిన్ను వెనక్కి లాగతాది. నీకు ఇది" అని మూలనున్న చిన్నది తీశాడు. ఆ తాడుకు నా కొలత దగ్గర ఒక ముడి వేశాడు. ఆయనకు చదువు రాదు. మూట తీసుకున్న ప్రతి మనిషికీ ఆ తాడులో ఒక ముడి ఉండేది, ఏ ముడి ఎవరిదో చీకట్లో తడిమి చెప్పగలడు.

కొలిచి ఊరుకునే రకం కాదు. పాక వెనక పెరట్లో ఏటి ఇసుక కుప్ప పోసి ఉండేది. ఎంత బరువు మోయబోతున్నావో అడిగి, అంతకు ఇంకాస్త కలిపి మూటలో ఇసుక పోయించేవాడు. ముందు నడుం పట్టె తుంటి మీద బిగించాలి, ఆ తర్వాతే భుజం పట్టెలు. "బరువు మోయాల్సింది తుంటి. భుజాలు మూటను పడిపోకుండా పట్టుకునేదానికే" అనేవాడు. బరువైన సరుకు వీపు నడిమధ్య, వెన్నుకు ఆనించి పెట్టించేవాడు. తర్వాత ఆ కుప్ప చుట్టూ మూడు చుట్లు నడవాలి. దారం పళ్ళ మధ్య పట్టుకుని, నా మడమలు చూసుకుంటూ వెనకే నడిచేవాడు. మూడో చుట్టు కాగానే ముందుకొచ్చి అడిగేవాడు.

"యాడ నొస్తా ఉండాది?"

తుంటి దగ్గర అంటే తలాడించి పంపేవాడు. భుజం అంటే పట్టె విప్పి మళ్ళీ కుట్టేవాడు. ఎక్కడా నొప్పి లేదంటే మాత్రం మూట ఇచ్చేవాడు కాదు. కొత్తగా వచ్చిన వేటగాళ్ళు రొమ్ము విరుచుకుని నొప్పేమీ లేదని చెప్పి, ఉత్త చేతులతో తిరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. నేను మొదటిసారే భయపడుతూ, కుడి భుజమూ నడుమూ ఎడమ మోకాలూ అన్నీ నొప్పులేనని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "నీ మాదిరి భయమున్నోడికి మూట కట్టేది సులభం నాయనా" అన్నాడు. నా జన్మకు నా పిరికితనాన్ని మెచ్చుకున్న మాట అదొక్కటే.

ఇప్పుడు ఆంధ్ర వేరుపడిన ఏడు జరిగినది చెప్పాలి. మా అక్కను ఇచ్చిన ఊరు గుడియాత్తానికి ఉత్తరాన, కొండ దాటితే చిత్తూరు జిల్లా. ఆ ఏడు అది ఆంధ్రలోకి పోయింది, మేము మదరాసు రాష్ట్రంలో ఉండిపోయాం. దసరా వెళ్ళాక వానలు పట్టుకున్నాయి. ఒక పొద్దున చింతపండు మోసే మనిషి తడిసి ముద్దయి వచ్చి, మా బావ పంపిన కబురు చెప్పాడు. అక్కకు ఎనిమిదో నెల. కాళ్ళూ ముఖమూ వాచిపోయాయి, కళ్ళు మసకలంటోంది, మంత్రసాని తన వల్ల కాదని చేతులెత్తేసింది. వేలూరు ఆసుపత్రికి చేర్చాలి. బండిదారి వానకు కొట్టుకుపోయింది. మిగిలింది కొండ అంచు మీది కాలిదారి. దాని మీద ఒక మనిషి పట్టడమే కష్టం, డోలీ సాగదు. బావకు ఉబ్బసం, బరువు మోయలేడు. పరాయి మగవాడి వీపున పంపడానికి వాళ్ళింట్లో ఒప్పుకోరు, మోసుకుని దింపడానికి ఉన్నది నేనొక్కణ్ణే.

టీ కొట్టు దగ్గర ఇంకో మాట చెవిన పడింది. కనుమలో ఆపి కాయితాలు అడుగుతారంట, ఆంధ్రా మనిషిని వేలూరు ఆసుపత్రిలో చేర్చుకోరంట. అది వట్టి పుకారని తర్వాత తేలింది, మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పొద్దున మాత్రం నమ్మేశాను. పెద్దనాయన పాకకు పరుగెత్తి విషయం చెప్పాను. ఆయన వెంటనే చట్రానికి పలక కట్టి కుర్చీలాగా చేశాడు. అక్క వీపు నా వీపుకు ఆనుకునేట్టు, ముఖం వెనక్కి. పలకను పైకి జరిపి కట్టి, తాడుతో నా వీపు మళ్ళీ కొలిచాడు. తర్వాత పారతో ఇసుక తీయబోయాడు.

"పెద్దనాయనా, ఆడ నా అక్క ప్రాణం పోతా ఉండాది. ఇప్పుడు చుట్లు తిరిగే టైమా?"

"నువ్వు పడితే పోయేది మూడు ప్రాణాలు. తిరుగు."

అక్క బరువుకు ఇంకాస్త కలిపి, అయిదు మణుగుల ఇసుక ఎత్తుకుని తిరిగాను. లోపల తిట్టుకుంటూనే తిరిగాను. మూడో చుట్టు కాగానే ఆయన అడగకముందే యాడా నొప్పి లేదన్నాను. ఆయన దారం నోట్లోంచి తీశాడు. "సుమ్మా, ఊరికే చెప్పొద్దు. యాడ?" ఎడమ భుజమని ఒప్పుకున్నాను. నడుం పట్టె ఒక బొక్క బిగించి, ఎడమ పట్టె కాస్త వదులు చేసి, ఇంకో చుట్టు తిప్పించి పంపాడు.

అక్క ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో చట్రం దించగానే అక్క అత్త ఆ తోలు పట్టె చూసింది. "కడుపుతో ఉండే మనిషి దగ్గర చచ్చిన గొడ్డు తోలా? దాన్ని తీసేస్తేనే నా కోడలు గడప దాటేది" అంది. ఆ పట్టె లేకపోతే నేను నిలవలేనని చెప్పాలి. నోరు రాలేదు. కొండకన్నా ఆమెకే ఎక్కువ భయపడ్డానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. పట్టె విప్పి వాకిట్లో గూటం మీద వేసి, బావ కండువా నడుముకు చుట్టుకున్నాను. అక్కను కూర్చోబెట్టి, మీద గొంగడి కప్పారు.

బావ మచ్చుకత్తితో ముందు నడిచాడు. కొంతదూరం బాగానే ఉంది. కొండ అంచుకు వచ్చేసరికి తడిసిన కండువా సాగిపోయి, బరువంతా భుజాల మీదికి ఎక్కింది. చేతులు తిమ్మిరెక్కాయి. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఎడమ పక్క రాతిగోడ, కుడి పక్క ఏమీ లేదు, కింద వాన పొగ. అక్క ముఖం వెనక్కి కాబట్టి ఆ లోయంతా ఆమె కళ్ళ ముందే ఉంది. నా కాలు ఒకసారి జారింది. రాతిగోడకు ఆనుకుని, చట్రాన్ని ఒక బండ మీద నిలబెట్టి, నేను ఏడ్చాను. "అక్కా, నాకు చేత కాదు" అన్నాను. ముందున్న బావ పక్కకు వచ్చి సాయం పట్టడానికి చోటు లేదు.

గొంగడి కింద నుంచి అక్క చెయ్యి నా పక్కగా ముందుకొచ్చింది. చేతిలో తోలు పట్టె ఉంది.

"మా అత్త అట్లా తిరగతానే తీసి ఒళ్ళో పెట్టుకున్నాన్రా. నువ్వు చెప్పలేవని నాకు తెలుసు. కట్టుకో."

కండువా విప్పి దాన్ని కట్టుకున్నాను. బిగించిన క్షణాన బరువు భుజాల మీంచి తుంటి మీదికి దిగడం ఈరోజుకీ నాకు ఒంట్లో గుర్తుంది. భయం మాత్రం దిగలేదు. దాన్ని కూడా మోసుకునే కొండ దిగాను. మరునాడు వేలూరులో అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బతికారు. ఆ పిల్లకు ఇప్పుడు నాలుగో ఏడు, నాలాగే కుక్కను చూసి దాక్కుంటుంది.

పట్టె తిరిగి ఇస్తూ, దారంతా చాలా బాగా పనికొచ్చిందని పెద్దనాయనతో అన్నాను. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. చెమట ఉప్పు గీతను బొటనవేలితో రుద్దాడు. "సగం దారే కట్టినావు" అన్నాడు. దాచలేక జరిగింది చెప్పాను. కోపగించుకుని ఉంటే బాగుండేది. ఆయన సూదిలో దారం ఎక్కించుకుంటూ, ఎన్నడూ చెప్పని సంగతి చెప్పాడు.

"వేలూర్లో ఉండేటప్పుడు ఒక దొరకు వేట మూట కుట్టినాను. దొర వీపుకు కొలిచి కుట్టినాను. మోసింది కూలోడు. నొస్తా ఉండాదా అని దొర ముందర అడిగినాను. యాడా లేదు సామీ అన్నాడు, భయపడి. కొండలో వెనక్కి పడి చచ్చిపోయినాడు. వాడికి నా తాట్లో ముడి లేదు నాయనా."

వారం తర్వాత పోతే నా పట్టెకు మా మగ్గాల గళ్ళ గుడ్డతో తొడుగు కుట్టి ఉంచాడు. "ఇంక మీ అక్కోళ్ళ అత్తకు నూలే కనిపిస్తాది" అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ తొడుగున్న పట్టెతోనే ఇప్పటికీ కొండెక్కుతున్నాను.

శుక్రవారం ఆయన శవపెట్టె ఎత్తడానికి ఆరుగురం నిలబడ్డాం. వాళ్ళవాళ్ళు నలుగురు, ఆనాడు కబురు తెచ్చిన చింతపండు మనిషి, నేను. మా వీధి నుంచి నేనొక్కణ్ణే. ఎత్తి గుమ్మం దాటబోతుంటే పెద్దమ్మ అడ్డం వచ్చింది.

"ఈ మనిషి చూడకుండా ఎవుర్నీ పంపింది లేదు. మీరట్లే పోతారా? పెరట్లోకి పట్టండి."

పెద్దలెవరో పొద్దుపోతోందన్నారు. ఆమె కదల్లేదు. ఆరుగురం పెట్టె మోసుకుని ఇసుక కుప్ప చుట్టూ తిరిగాం. ఆమె మా మడమలు చూసుకుంటూ వెనకే నడిచింది. మూడో చుట్టు కాగానే ముందుకొచ్చి, అందరినీ వదిలేసి నా ముందర నిలబడింది.

"యాడ నొస్తా ఉండాది నాయనా?"

నా చెయ్యి అలవాటుగా నడుం దగ్గరికి పోయింది. పట్టె లేదు, ఈ బరువుకు పట్టె ఉండదు.

"భుజం మీదమ్మా. అంతా భుజం మీదనే ఉండాది."

ఆయనుంటే దించమని, విప్పి మళ్ళీ కట్టేవాడు. ఆమె నా భుజాన్ని ఒకసారి తడిమి పక్కకు జరిగింది. ఆయన జారిపోతాడేమోనని దారంతా భయపడుతూనే నడిచాను. పెరడు దాటేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూశాను. ఇసుక కుప్ప చుట్టూ మా పన్నెండు పాదాల అచ్చులు, వాటి మీదుగా ఆమెవి.