పెరటాసి శనివారం మెట్ల మీది బ్యాండు

డోలు వాయించే ఇంట పుట్టి డ్రమ్ముల వెంట పడ్డ సుందరరాజును చూసి చిత్తూరులో నవ్వనివాళ్ళు లేరు. నవ్వనిది ఒక్కడే, వాళ్ళ నాయన గోవిందస్వామి. గుడి మేళంలో ముప్పై ఏళ్ళుగా డోలు మోస్తున్న మనిషి. 1974లో కొడుకు మద్రాసు నుంచి పాత డ్రమ్ముల సెట్టు రైల్లో వేసుకుని దిగిన రోజే ఆయన మాట మానేశాడు. “వాణ్ణి అన్నానికి రమ్మను” అని భార్య సిద్ధమ్మతో చెప్పించేవాడు. వాడేమో ఆయన ఎదురుగానే కూర్చుని ఉండేవాడు!

పేరు రావాలని సుందరరాజుకు లేకపోలేదు. కానీ అసలు కోరిక ఒకటే: నాయన ఒక్కసారి తన వాయింపు వినాలి. ఇంట్లో సాధన మొదలుపెడితే చాలు, ఆ పెద్దమనిషి చెప్పులేసుకుని వీధిలోకి పోయేవాడు.

గిటారుకు సంపత్కుమార్, పాటకు మునికృష్ణ తోడయ్యారు. మరుసటి ఏడు, బెంగళూరులో ఇరవై ఏళ్ళు ఉండి వచ్చిన జయరామ్ ఊళ్ళో కొత్తగా బారు తెరిచి, ప్రతి శనివారం సాయంత్రం వాయించమన్నాడు. ముగ్గురూ ఎగిరి గంతేశారు. ఇంటికొచ్చాక సుందరరాజుకు అసలు సంగతి తట్టింది. తల తెగిపడినా నాయన బారు గడప తొక్కడు.

ఆ హడావిడిలో ఒక్కరికీ పంచాంగం గుర్తు రాలేదు. మొదటి శనివారం కాస్తా పెరటాసి నెలలో పడింది. ఏడుకొండలవాడి నెల అది. ఊళ్ళో మాంసం ముట్టరు, మందు ముట్టరు. శనివారమైతే నామం పెట్టుకుని ఒంటిపొద్దు ఉంటారు. బెంగళూరు నీళ్ళు తాగి జయరామ్ మరిచాడంటే సరే, ఈ ముగ్గురికేం రోగం? సంపత్కుమార్ అయితే నొసట నామంతోనే వచ్చి గిటారు తీశాడు.

బారులో ఒక్క పురుగు లేదు. మునికృష్ణ కుర్చీలకు రెండు పాటలు వినిపించాడు. జయరామ్ తల పట్టుకుని కూర్చున్నాడు. సుందరరాజుకు ఒళ్ళు మండింది.

“కుర్చీలకు వాయించేదానికా ఈడికి వచ్చినాం? బయట మెట్ల మీదికి పోదాం రాండప్పా.”

మెట్ల మీద గిటారు మోగేసరికి వీధి ఆగింది. తులసిమాలలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా నిలబడ్డారు. జయరామ్ కూడా తక్కువవాడు కాదు, సీసాల బీరువాకు తాళం వేసి గంగాళం నిండా మజ్జిగ కలిపించాడు.

అప్పుడొచ్చాడు గోవిందస్వామి, డోలు భుజాన వేసుకుని, గుడికి పోతూ. సుందరరాజు ఒక దెబ్బ తప్పాడు. ఆయన పోలేదు. డోలు కింద దించి పాటంతా విన్నాడు. తర్వాత దగ్గరికొచ్చాడు.

“ఎడం చెయ్యి నాదే. కుడి చెయ్యే ఇంకా పచ్చిగా ఉండాది” అని డోలెత్తుకుని వెళ్ళిపోయాడు.

డోలుకు పుల్ల పట్టేది ఎడం చేతే మరి. ఏడాది తర్వాత నాయన నోట విన్న మొదటి మాట అది. సుందరరాజుకు కళ్ళు నిండాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. తర్వాతి పాట ఏం వాయించాడో అతనికే తెలీదు.

పెరటాసి దాటగానే బారు కిటకిటలాడింది. నగరి నుంచీ, శ్రీకాళహస్తి నుంచీ బస్సులెక్కి వచ్చేవాళ్ళు. పాట ఊపందుకుంటే బల్లలు అదిరిపోయేవి. పెళ్ళిళ్ళు, తిరుపతి గంగ జాతర, ఎక్కడ చూసినా వీళ్ళే. అయినా పెరటాసి శనివారాలు మాత్రం మెట్ల మీదే, మజ్జిగతోనే. ఏటా మొదటి శనివారం గోవిందస్వామి వచ్చేవాడు, కుడి చెయ్యి పచ్చి అనేవాడు, పోయేవాడు. ఇంట్లోనూ ఇప్పుడు మాట్లాడుతున్నాడు, తెల్లారితే కుడి చేతి గొడవే. మాట్లాడనప్పుడే ఇల్లు చల్లగా ఉండిందని సిద్ధమ్మ వాపోయేది.

టేపురికార్డర్లు వచ్చి పడ్డాక 1988లో జయరామ్ బారు ఎత్తేశాడు. బ్యాండూ అక్కడితో సరి. ఆ వీధివాళ్ళు మాత్రం పెరటాసి శనివారాల్లో ఆ మెట్ల మీద ఇప్పటికీ మజ్జిగ పోస్తున్నారు.

బ్యాండు ఆ మెట్ల మీద వాయించిన చివరి పెరటాసి శనివారం, 1988లో, వీధి మొత్తం జనమే. డెబ్భై దాటిన గోవిందస్వామికి కుర్చీ వేశారు. ఆఖరి పాట అయ్యాక ఆయన లేచి వచ్చాడు. కుడి చేతి తిట్టు కోసం సుందరరాజు తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన ఆ కుడి చేతినే పట్టుకుని, కాయలు కాచిన వేళ్ళను ఒక్కొక్కటీ తడిమి చూశాడు.

“ఇది గూడా నాదైపోయిందిరా. ఆ చిన్న డ్రమ్ము ఇట్లియ్యి, నేను మోస్తా. ఇంటికి పోదాం.”

డోలు మోసిన భుజానికే దాన్ని ఎత్తుకుని ముందు నడిచాడు.