బడికి పోయిన మా అత్త

బతికున్న పిల్లను ఒక్క వేలితో చంపి, చచ్చిపోయిన అత్తను ఆరో తరగతిలో కూర్చోబెట్టిన ఘనురాలిని నేను. ఎలాగో చెబుతాను. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదవండి. రాస్తుంటే నాకే వెన్ను జలదరిస్తోంది.

అప్పటికి నాకు అక్షరాలు కొత్త. కొమ్ములు మొలిచిన మేకపోతు కనబడిన గోడనల్లా పొడిచినట్టు, నేను కనబడినదాన్నల్లా చదివేదాన్ని. సబ్బు కాగితం, బస్సు బోర్డు, యూరియా సంచి, ఏదీ వదల్లేదు. నేర్పింది నా మనుమరాలు రాజవ్వ. మా అత్త పోయాక ఇంట్లో పుట్టిన మొదటి ఆడపిల్ల కాబట్టి ఆమె పేరే పెట్టుకున్నాం. అలా పేరు పెడితే మనిషి తిరిగొచ్చినట్టే మాకు. కోడలు అత్త పేరు పలకకూడదు కదా, అందుకని నేను ఆ పిల్లను "అత్తమ్మా" అనే పిలుస్తాను. తిట్టను. ఇక కొట్టడమంటారా, అత్తను కొట్టే కోడలిని మీరెక్కడైనా చూశారా?

పోలికలు కూడా అలాగే కుదిరాయి. గడప దాటే ముందు మా అత్త గొంతు సవరించుకునేది, కోడళ్ళు కొంగు సర్దుకోవడానికి. ఈ పిల్లా అంతే. ఎవరూ నేర్పలేదు. చాయ్ కూడా సాసర్లో పోసుకునే తాగుతుంది.

ఆ ఎండాకాలం కరీంనగర్ నుంచి కాలేజీ పిల్లలు లక్సెట్టిపేట దగ్గరున్న మా ఊరికొచ్చారు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ ఇల్లు ఎవరిదో అడిగి, ఫోటోలు తీసుకుని, అన్నిటినీ కంప్యూటర్లో గొలుసులా ఒకదానికొకటి తగిలించారు.

"ఏది ఒప్పో ఏది తప్పో మిషిన్‌కు తెల్వదమ్మా. మీరే జెప్పాలె" అని మా ఫోన్లలో ఒక ఆట పెట్టారు. ఫోను ప్రశ్న అడుగుతుంది. అవునంటే పచ్చది, కాదంటే ఎర్రది నొక్కాలి. ముగ్గురు ఒకే మాటంటే అది ఖాయం. నొక్కినప్పుడల్లా ఒక చుక్క. ఎక్కువ చుక్కలు గెలిచినవాళ్ళకు కుక్కరు. ఆదివారం పంచాయతీ ఆఫీసు ముందు పెద్ద తెర మీద అన్ని కుటుంబాలనూ చూపిస్తారు. మా ఇంటి సంగతి రాజవ్వే మైకులో చదవాలి. అద్దం ముందు నిలబడి ఒకటే సాధన.

ఒక పొద్దున ఫోను అడిగింది: "ఈ రాజవ్వ, ఈ రాజవ్వ ఒక్కరేనా?" ఒక పక్క దండ వేసిన మా అత్త, ఇంకో పక్క రెండు జడల పిల్ల.

బుద్ధి ఉన్నవాళ్ళు ఆగి ఆలోచిస్తారు. నేను పచ్చది నొక్కాను. ఘల్లుమని మోగింది! పక్కింటి ఎల్లవ్వను, ఎదురింటి పోశవ్వను కేకేశాను.

"ఒక్కరేనా, కాదా, ఎల్లవ్వా?"

"గదేం అడుగుడే మల్లవ్వా? తిరిగొచ్చింది గామెనే గదా!"

ఎల్లవ్వ తన ఫోన్లో నొక్కింది. పోశవ్వ దండం పెట్టి మరీ నొక్కింది.

ఆ మరునాటి నుంచి నా ఫోను వాలకం మారిపోయింది. పొయ్యి గట్టు మీద తనంతట తానే గురగురలాడేది. "రాజవ్వ ఆరో తరగతి చదువుతోంది. అవునా?" పైన చూస్తే మా అత్త ముఖం. "రాజవ్వ గుండెపోటుతో చనిపోయింది. అవునా?" పైన రెండు జడల పిల్ల.

మనుమరాలు నా వెనకే నిలబడి చూసింది.

"బాపమ్మా, నేనెప్పుడు సచ్చిపోయిన?"

నవ్వుతూ అడగలేదు. ఆ రోజు అన్నం ముట్టలేదు. మైకు మాటే ఎత్తలేదు. అద్దం దగ్గరికెళ్ళి, తాను అందులో కనబడుతోందో లేదో చూసుకుని వచ్చింది.

దాని తల్లి, నా కోడలు సుజాత, నా మీద విరుచుకుపడింది. "మీ కుక్కర్ పాడుగాను అత్తమ్మా! నా బిడ్డను సంపి ఊరందరికి తెర మీద సూపిస్తరా?"

కాలేజీ పిల్లలకు ఫోన్ చేశాను. "మేం దిద్దొద్దమ్మా, గదే ఆట. ముగ్గురు అవునన్నరు, మల్ల ముగ్గురు కాదనాలె. ఫికర్ జెయ్యకు" అన్నారు. ఫికర్ ఎందుకు చెయ్యను? వాళ్ళు మా అత్తను చూడలేదు.

ఫోటో ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అత్తమ్మా, ఏమనుకోకు. నువ్వు వేరే, పిల్ల వేరే. జర పక్కకు జరుగు" అని, పాత ప్రశ్న మళ్ళీ తెరిచి ఎర్రది నొక్కాను.

దండలోంచి ఒక పువ్వు రాలింది.

అది ప్లాస్టిక్ దండ.

ఇంకో ఇద్దరు కాదనాలి కదా, ఎల్లవ్వను, పోశవ్వను ఇంటికి పిలిచాను.

"ఎర్రది నేనొత్తను" అంది ఎల్లవ్వ. "గా ముసల్ది బతికున్నప్పుడే నేనేనాడు కాదనలే. సచ్చినంక అంటనా?"

"నేను కాదంటే వచ్చి నా సిగ వడ్తది" అంది పోశవ్వ.

"పిల్ల అన్నం తింటలేదే! రేపే ఆదివారం!"

"తినకుంటె గామెకు ఇష్టమైన జొన్న గటుక వెట్టు."

అప్పుడు గడప దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. ముగ్గురికీ కొంగులు వాటంతటవే తలమీదికి వచ్చాయి.

రాజవ్వ గుమ్మంలో నిలబడింది. నడుం మీద చెయ్యి.

"ఎల్లీ! పోశీ! ఒత్తుతరా, నన్ను రమ్మంటరా?"

వాళ్ళను అలా పిలిచింది లోకంలో మా అత్త ఒక్కతే. ఈ పిల్ల పుట్టకముందే పోయింది.

"ఒక్కరు కాదు! ఒక్కరు కానే కాదు!" అంటూ ఇద్దరూ ఎర్రది టకటకా నొక్కేశారు. ఒక్కరేనని ఆ క్షణాన వాళ్ళకు ఖాయంగా తెలిసిపోయింది మరి.

పిల్ల కిసుక్కున నవ్వి అన్నానికి కూర్చుంది. ఆదివారం తెర మీద నిక్షేపంగా బతికే ఉంది, మైకులో గడగడా చదివింది. కుక్కరు పోశవ్వకు పోయింది. పీడా పోయిందనుకుని ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో, ఫోను గురగురలాడింది. గొలుసులో ఒక్క లంకె ఊడకుండా మిగిలిపోయినట్టుంది.

"మీరు ఈ రాజవ్వకు కోడలు. అవునా?"

పైన రెండు జడల పిల్ల.

నా భుజం వెనక గొంతు సవరించుకున్న చప్పుడు.

"చూస్తవేందే కోడలా? ఒత్తు. ఒత్తి చాయ్ వెట్టు."

ఎర్రదే నొక్కాను. చాయ్ కూడా పెట్టాను. సాసర్లో పోసి ఇచ్చాను.

ఆ సాయంత్రమే ఒట్టు వేసుకున్నాను. ఇంట్లో బతికున్నవాళ్ళెవరో, పోయినవాళ్ళెవరో తేల్చుకోకుండా ఇక ఈ జన్మలో పచ్చ బొత్తాన్ని ముట్టను. అత్తమ్మ మీద ఒట్టు.

ఏ అత్తమ్మ మీద అని మాత్రం అడక్కండి.