పద్నాలుగు రకాల మర్యాద

ఆస్ముస్‌కు షుగర్ వచ్చిందన్న వార్త ఊళ్లో ఎవరినీ కలవరపెట్టలేదు. ఆ వయసులో రాకపోతేనే వింత. అతను మాంసం, గుడ్డు, వెన్న, పాలు అన్నీ మానేశాడని తెలిసినప్పుడు మాత్రం ఊరు ఊరంతా గుండెలు బాదుకుంది. దక్షిణ జూట్లాండ్ పల్లెల్లో మనుషులకంటే పందులెక్కువ. అలాంటి చోట, ఏళ్ల తరబడి చర్చిలో ఆర్గన్ వాయిస్తున్న పెద్దమనిషి ఆకులూ అలములూ తింటానంటే ఎవరి కడుపు మాత్రం తరుక్కుపోదు?

జంతువుల మీద జాలి పుట్టి మానలేదతను. కాళ్ల కోసం మానాడు. ఆర్గన్ వాయించేవాడికి చేతులు సగం పనే చేస్తాయి, మిగతా సగం పాదాలది. ఆస్ముస్ బూట్లు విప్పేసి, మేజోళ్లతోనే కింది పెడళ్లను తడుముకుంటూ వాయిస్తాడు. ఆ కాలివేళ్లు మొద్దుబారడం మొదలైంది.

"పోయిన స్పర్శ తిరిగి రాదండీ. ఉన్నదైనా కాపాడుకోండి. షుగర్ ఇలాగే ఉంటే రేపు మేకు తొక్కినా తెలీదు మీకు," అంది క్లినిక్‌లో నర్సు బిర్గిట్. కొన్నాళ్లు మొక్కల నుంచి వచ్చిందే తిని చూడమంది.

ఆస్ముస్ మాట వినే రకం. మరీ ఎక్కువగా వినే రకం. ఓట్స్ బిస్కెట్లు, ఖర్జూరం ఉండలు, కొబ్బరిపాల ఐస్‌క్రీము, పూటకో గ్లాసు నారింజ రసం. నెల రోజులు ఏ ఆవుకూ ఏ కోడికీ అతనివల్ల కష్టం కలగలేదు. షుగర్ మాత్రం కొండెక్కి కూర్చుంది.

రిపోర్టు చూసి బిర్గిట్ నెత్తి పట్టుకుంది. "పంచదార కూడా బీట్‌దుంపలోంచే, అంటే మొక్కలోంచే వస్తుంది కదండీ!"

ఆ తర్వాత దారిలో పడ్డాడు. ఉడికించిన చిక్కుడు గింజలు, క్యాబేజీ, రాయిలాంటి రై రొట్టె ఒక్క ముక్క, ఆవు ఇవ్వాల్సిన విటమిన్ కోసం ఒక మాత్ర, తిన్నాక కంచెల్లేని ఆ చదును పొలాల గట్ల మీద నడక. షుగర్ దిగింది. వేళ్లు ఇంకా మొద్దుబారడం ఆగింది.

అసలు గండం మరొకటుంది, కాఫీ బల్ల. ఆ ప్రాంతంలో కాఫీకి పిలిచారంటే ఏడు రకాల మెత్తని కేకులు, ఏడు రకాల గట్టివి ఉంటాయి. పిలిచినావిడ మీద గౌరవముంటే పద్నాలుగూ రుచి చూడాలి. ఒకటి వదిలితే ఆమె చెయ్యి మంచిది కాదన్నట్టే. "నాకు షుగర్" అని మొదట్లో చెప్పి చూశాడు ఆస్ముస్. "చిన్న ముక్కకేమవుతుందిలే" అని పెద్ద ముక్క వడ్డించారు. "వెన్నా గుడ్డూ ముట్టను" అన్నాక మాత్రం అందరూ అంటువ్యాధి చూసినట్టు వెనక్కి తగ్గారు. రోగానికి దొరకని మర్యాద నియమానికి దొరికింది. ఆస్ముస్ సుఖంగా నల్ల కాఫీ తాగి బతికిపోయాడు.

ఆ సుఖం మెటా పుట్టినరోజు దాకానే. మెటా అతని పక్కింటావిడ. భర్త లోరెన్స్ పోయి నాలుగేళ్లయింది. ఆ మధ్యాహ్నం ఆమె ఆస్ముస్‌ను బల్ల దగ్గర అందరికంటే ముందు కూర్చోబెట్టి, వెలిగిపోతున్న మొహంతో చెప్పింది.

"అన్నీ నీకోసమే! పద్నాలుగింటిలో ఒక్క గుడ్డు లేదు, చుక్క పాలు లేవు. గుడ్డు సొనకు బదులు శనగలుడికిన నీళ్లని నురగొచ్చేదాకా గిలక్కొట్టాను. చెయ్యి పడిపోయిందనుకో!"

"ఇన్నాళ్లూ పాపం ఉత్త కాఫీ తాగాడు," అన్నారెవరో.

ఎదురుగా కూర్చున్న పందుల రైతు ఈవర్ నిట్టూర్చాడు. "నీ పుణ్యమా అని మాకూ వెన్న లేకుండా పోయింది. తినరా బాబూ, మా త్యాగం వృథా చెయ్యకు."

మీగడలాంటిది పూసిన మొదటి ముక్క తిన్నాడు ఆస్ముస్. బాగుంది, అదే దరిద్రం. రెండోదీ తిన్నాడు. మూడోది పళ్లెంలో పడింది. బల్ల కింద బూటులో వేళ్లు కదిపి చూసుకున్నాడు. కదిలాయో లేదో తెలియలేదు. భయమేసింది. చర్చిలో అంత్యక్రియల వేళ కూడా వెయ్యనంత భయం.

"వద్దు మెటా," అన్నాడు.

బల్ల చుట్టూ ఫోర్కులు ఆగిపోయాయి. ఆ ఊళ్లో ఆ మాట పెళ్లి వేదిక దగ్గర కూడా ఎవరూ అనలేదు.

"నీకోసమే కదయ్యా చేశాను," అంది మెటా.

"తెలుసు. గుడ్డు నా శత్రువు కాదు మెటా, పంచదార. నా కాళ్లు నాకు తెలియట్లేదు. మొన్న ఆదివారం పాట మధ్యలో ఆర్గన్ ఆవులా అరిచిందే, అది అందుకే. పెడల్ ఎక్కడుందో తెలియలేదు."

"ఓరి నీ! తాగొచ్చావనుకున్నాం కదరా," అన్నాడు ఈవర్. "బాగోదని ఎవరం అడగలేదు."

ఎవరూ నవ్వలేదు. మెటా అతని పళ్లెం వైపే చూస్తూ నిలబడింది. తర్వాత కుర్చీలో కూలబడింది.

"లోరెన్స్‌కీ షుగరే," అంది. "పాదం తీసేశాక కూడా నా కేకు వద్దనలేదు. ఆసుపత్రికి పట్టుకెళితే అక్కడా తిన్నాడు. ఎంత ఇష్టమో అని మురిసిపోయాను నేను." బల్లగుడ్డ మీది కేకు పొడిని వేలితో ఒక పక్కకి నెట్టింది. "వద్దని ఉంటే ఏమయ్యేది? నేను ఏడ్చేదాన్ని. ఒక్క పూట. అంతేగా?"

మెటా లేచి, కొంగులాంటి ఏప్రన్ అంచుతో కళ్లు తుడుచుకుని, అతని ముందున్న పళ్లెం తీసేసింది. తర్వాత ఎవర్నీ అడక్కుండా ఈవర్ పళ్లెం కూడా తీసేసింది.

"అదేంటి, నాకేం షుగర్ లేదే!" అన్నాడు ఈవర్.

"ఎప్పుడు చూపించుకున్నావు?"

ఈవర్ కాఫీ కప్పు దగ్గరికి లాక్కున్నాడు.