కొండ కింద మనిషి

మొన్న క్రిస్మస్ ముందు ఇల్లు దులుపుతుంటే పక్క ఫ్లాటావిడ పిండి జల్లెడ కోసం వచ్చింది. నేను జల్లెడ వెతికి తెచ్చేలోపు ఆవిడ బల్ల మీది కొండపల్లి బొమ్మని చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి జరుపుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ మనిషిని తప్పుగా అంటించారండీ. కింద ఉండాల్సింది పైన ఉంది. చూడండి, ఇక్కడ ఊడిన మచ్చ కూడా కనపడుతోంది" అంది. పదేళ్లుగా నా ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒక్కరూ గమనించని సంగతి ఆవిడ రెండు నిమిషాల్లో పట్టేసింది. "తప్పు కాదండీ, దిద్దుబాటు" అన్నాను. ఆవిడ నావైపు కాస్త జాలిగా చూసి, జల్లెడ తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడకి సరిగ్గా చెప్పాలంటే మా మేనత్త గురించి చెప్పాలి, అది గుమ్మంలో నిలబడి చెప్పే మాట కాదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఆ బొమ్మ సంగతి. ఏనుగు అంబారీ, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే మనిషి, ఇవి మా వైపు అందరిళ్లలోనూ ఉంటాయి. మా ఇంట్లో ఉన్నది అగ్నిపర్వతం. జానెడు ఎత్తు. నడిమికి రెండు చెక్కలుగా విడిపోతుంది, లోపల అడుగునుంచి మూతిదాకా ఎర్రటి గొట్టం. మా అత్తయ్య మైలవరంలో హైస్కూలు సోషల్ టీచరు. బోర్డు మీద ఎర్ర సుద్దతో అగ్నిపర్వతాలు గీసి గీసి విసుగొచ్చి, తన దగ్గర చదివే ఒక పిల్ల తండ్రి కొండపల్లిలో బొమ్మల మేస్త్రి అయితే ఆయన్ని పట్టుకుని చేయించింది. ఆయన పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, రంగులేసి తెచ్చిచ్చాడు. "నిప్పులు కక్కే కొండకి చెట్లు పెట్టమంటారా మేడంగారూ?" అని అడిగి, వద్దంటే నొచ్చుకున్నాడట. చెట్లు మానేశాడు గానీ చెయ్యి ఊరుకోక, కొండ మొదట్లో నీలం చీర కట్టుకున్న ఆడమనిషిని ఒకదాన్ని కూర్చోబెట్టాడు. ఇదెందుకయ్యా అంటే, "మనిషి లేకపోతే కొండ ఎంతుందో పిల్లలకెలా తెలుస్తుందండీ?" అన్నాడు. అత్తయ్య ఆ జవాబుకి మురిసిపోయి స్టాఫ్ రూములో అందరికీ చెప్పింది. ఆ నీలం చీర మనిషి తనేనని మాత్రం ఎప్పుడూ అనలేదు. మేమే చాటున అనుకుని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకి సిగ్గేస్తుంది.

ఎందుకంటే మా అత్తయ్య అరవై ఏళ్లపాటు కొండల కిందే కూర్చుంది. పన్నెండో ఏట ఆవిడకి కీళ్లు వాచి జ్వరం వచ్చింది. అప్పటి డాక్టరు, ఇది గుండె మీద పడుతుంది, మెట్లెక్కనివ్వకండి అన్నాడు. ఎన్నాళ్లు అనేది ఆయన చెప్పలేదో, మావాళ్లు అడగలేదో తెలియదు. మా నాన్న ఆవిడకి అన్న. చెల్లెలంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే ఆవిడ కాళ్లు కట్టేశాడు. చర్చి పిల్లలందరం కొండపల్లి కోటకి పిక్నిక్ వెళితే అత్తయ్య కింద టిఫిన్ క్యారియర్ల దగ్గర. గుణదల కొండకి వెళితే అత్తయ్య కింద చెప్పుల దగ్గర. ఉండవల్లి గుహలకి వెళితే సంచుల దగ్గర. మేం దిగి వచ్చేసరికి ముప్ఫై జతల చెప్పులు సైజుల వారీగా వరసపెట్టి ఉంచేది, స్కూల్లో ప్రేయర్‌కి పిల్లల్ని నిలబెట్టినట్టు. పైన ఏం చూశారో ఒక్కొక్కళ్లనీ అడిగేది. మేం ఏం చూస్తాం, కోతుల్ని చూసేవాళ్లం. పెళ్లి మాట వచ్చినప్పుడు కూడా, కాన్పు తట్టుకోలేదని మా నాన్నే సంబంధాలు వెనక్కి పంపేశాడు. దాని గురించి ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు. సెలవుల్లో సైతం స్కూలుకి వెళ్లి మ్యాపులకి రంగులు వేసుకునేది.

డెబ్భై ఏళ్లు దాటాక కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాలంటే గుండె పరీక్ష రాయించుకు రమ్మన్నారు. విజయవాడలో నేనే తీసుకెళ్లాను. నా కాలేజీ ఉద్యోగం అప్పుడే అయిపోయింది, ఇలాంటి పనులన్నీ నావే. మా మేనల్లుడి వయసుండే డాక్టరు తెర మీద చూస్తూ, "గుండెకేం లేదమ్మా. కవాటాలు శుభ్రంగా ఉన్నాయి. ఎప్పుడూ ఏం అయినట్టు కూడా లేదు" అన్నాడు. అత్తయ్య మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు. కాగితం మీద రాసిమ్మంది. రాసిచ్చాడు. బయటికొచ్చాక లిఫ్టు దగ్గర నేను బటన్ నొక్కి వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ లేదు. మెట్ల మీద ఉంది. కిందికి కాదు, పైకి వెళుతోంది. మూడంతస్తులెక్కి, పైన వరండా కటకటాలు పట్టుకుని, ఎగశ్వాసతో, "ఏంటే, నాకేం అవలేదు?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నాకు మాత్రం కోపం వచ్చింది. చనిపోయిన మా నాన్న మీద, పేరైనా తెలియని ఆ డాక్టరు మీద, ముప్ఫై జతల చెప్పుల మీద. ఆ సాయంత్రమే ఆవిడ బందరు రోడ్డులో దిగి ఆ కాగితాన్ని లామినేషన్ చేయించింది.

ఆ తర్వాత కోరింది ఒక్కటే, స్ట్రాంబోలి. మీలో ఎవరైనా మా అత్తయ్య దగ్గర సోషల్ చదివి ఉంటే ఈపాటికి జవాబు చెప్పేసి ఉంటారు: మధ్యధరా సముద్రపు దీపస్తంభం అని దేనికి పేరు? ముప్ఫై మూడేళ్లు ఆ ఒక్క మార్కు ప్రశ్న పిల్లల చేత రాయించింది. ఇటలీ పక్కన సముద్రంలో చిన్న దీవి, దీవంతా ఒకటే కొండ, ఆ కొండ రోజూ పావుగంటకీ అరగంటకీ ఒకసారి నిప్పులు చిమ్ముతూనే ఉంటుంది. గైడు వెంటబెట్టుకుని సూర్యాస్తమయం వేళకి పైకి తీసుకెళతాడు. ట్రావెల్ ఆఫీసు కుర్చీలో కూర్చుని ఆవిడ ఇదంతా చెబుతుంటే, అక్కడి అబ్బాయి నుదుటి చెమట తుడుచుకుంటూ, "మేడం, ఈ ఎండల్లో బెజవాడ వదిలి నిప్పు చూడ్డానికి వెళ్తారా? ఒరిగిపోయిన గోపురం చూపిస్తాం, వీధుల్లో పడవలు తిరిగే ఊరు చూపిస్తాం" అన్నాడు. "ఒరిగిపోయినవి చాలా చూశాను నాన్నా, ఎగిసేది చూపించు" అంది. మా పాస్టరుగారు ఇంటికొచ్చి మరీ చెప్పి చూశారు. "టీచరమ్మా, నరకాగ్నిని తప్పించుకోమని చెబుతున్నాం గానీ టికెట్టు కొనుక్కుని చూడమన్లేదు గదా!" "ఇన్నేళ్లుగా మీరు దాని గురించి చెప్తూనే ఉన్నారు అయ్యగారూ, ఒక్కసారి చూసొచ్చి ఎలా ఉంటుందో మీకు సరిగ్గా చెప్తాను" అంది. ఆయన కాఫీ తాగి ప్రయాణం కోసం ప్రార్థన చేసి వెళ్లారు.

ఇక నేను చేసిన పని. దాచడం ఇష్టం లేదు. మేమిద్దరం దీవికి చేరిన సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేసి, "అత్తయ్యకేమన్నా అయితే నువ్వే బాధ్యురాలివక్కా" అన్నాడు. డాక్టరు మాట నేను చెవులారా విన్నాను. అయినా చిన్నప్పటినుంచి నూరిపోసిన భయం ఒక్క కాగితంతో పోదు. మర్నాడు కొండకి బయల్దేరే ముందు గైడు ఆఫీసులో ఫారం ఇచ్చారు. అత్తయ్య ఒక మూల అద్దె బూట్లు తొడుక్కోవడానికి తంటాలు పడుతోంది. గుండె జబ్బు ఉందా అన్న చోట నేను 'చిన్నప్పుడు ఉండేది' అని ఇంగ్లీషులో రాసి, మడిచి ఇచ్చేశాను. తర్వాత ఏమీ ఎరగనట్టు ఆవిడ బూట్ల తాళ్లు కట్టాను.

ఆ ఊళ్లో కార్లు లేవు. మన ట్రాలీ ఆటోల్లాంటి మూడు చక్రాల బళ్లు సందుల్లో హారన్ కొట్టుకుంటూ తిరుగుతుంటే అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. నేత చీర చీలమండల పైకి కట్టి, పొడుగు మేజోళ్లు, బూట్లు, ముడి మీద ఆనని హెల్మెట్, చేతిలో కర్ర. పదిహేనుమంది బృందంలో అందరూ ఆవిడతో ఫొటో దిగారు. గైడు యాభై ఏళ్ల మనిషి, ఎండకి కమిలిపోయి అచ్చం దివిసీమ రైతులా ఉన్నాడు. దారి పొడుగునా రెల్లు, కాళ్ల కింద నల్ల ఇసుక, గాలిలో అప్పుడే అగ్గిపుల్ల గీసిన వాసన. అత్తయ్య ప్రతి రాయినీ పేరుపెట్టి పిలుస్తూ నడిచింది. సగం దూరంలో ఒక చిన్న హోటలు ఉంది, అక్కడ మంచినీళ్లు తాగుతుండగా గైడు జేబులోంచి కాగితాలు తీసి చూసి, మర్యాదగానే చెప్పాడు. ఈవిడ ఇక్కడే ఆగాలి, నా సహాయకుడు తోడుంటాడు, మేం వచ్చేదాకా మీ బరువు సంచులు కూడా ఇక్కడే పెట్టుకోవచ్చు అన్నాడు. సంచుల మాట ఆయన మామూలుగానే అన్నాడు. నాకు ఉండవల్లి గుహలు గుర్తొచ్చాయి.

అత్తయ్య ఆ కాగితం అడిగి తీసుకుంది. చదివింది. అక్షరాలు నావని గుర్తుపట్టడానికి ఆవిడకెంతసేపు, నాకు ఓనమాలు దిద్దించిందే ఆవిడ. "నువ్వు కూడానా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చింది. "తప్పు రాసినవాళ్లే దిద్దుకోవాలి. అది నా క్లాసులో రూలు. కొట్టేసి, పక్కన సరైన జవాబు రాయి." యాభై ఏళ్ల తర్వాత నేను ఆవిడ ముందు నిలబడి ఇంపోజిషన్ రాసినట్టు రాశాను: గుండె బాగుంది. కింద సంతకం కూడా పెట్టించింది. ఈలోపు బ్యాగులోంచి లామినేషన్ చేసిన రిపోర్టు తీసి గైడుకిచ్చింది. ఆయన దాన్ని ఎండకి పెట్టి తిరగేసి, మరగేసి, ఆవిడ మణికట్టు పట్టుకుని వాచీ చూసుకుని, చివరికి, నా వెనకే నడవాలి, నేను ఆగమన్నచోట ఆగాలి అన్నాడు. ఆవిడ ఇంగ్లీషులోనే జవాబిచ్చింది: "నా క్లాసులో కూడా అంతేనండీ." అని నావైపు తిరిగి, ఈసారి తెలుగులో, "నీకు భయమైతే నువ్విక్కడ కూర్చో. సంచులు చూస్తూ ఉండు" అంది. నేను నోరు మూసుకుని వెనక నడిచాను.

పైన గట్టు దగ్గరికి చేరేసరికి సూర్యుడు సముద్రానికి బెత్తెడు ఎత్తులో ఉన్నాడు. ఎదురుగా నల్లటి లోయ, దాని తలదగ్గర పొగ. కాసేపు ఏమీ లేదు. తర్వాత మైలవరం బస్సులోంచి అత్తయ్య రోజూ వినే చప్పుడు, దారిలోని పవర్ స్టేషన్‌లో ఆవిరి వదిలినట్టు, బుస్సుమని లేచింది. పొగలోంచి ఎర్రటి నిప్పురవ్వలు ఎగిసి, విడిపోయి, రాళ్లై లోయలోకి దొర్లాయి. అందరూ కెమెరాలెత్తారు. అత్తయ్య రాయి మీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

గైడు పరుగెత్తుకొచ్చాడు. వద్దు, నిషేధం, రాళ్లు కోసుకుంటాయి అని చేతులూపాడు. "ప్రార్థన చేసుకోవాలే, చెప్పులతో ఎలా?" అంది నాతో. మా చర్చిలో ఎంత పెద్దవాళ్లయినా చెప్పులు మెట్ల దగ్గర విడవాల్సిందే, చెప్పులతో మోకరించిన మనిషి మా వంశంలో లేడు. ఆ సంగతి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఒకసారి కొండవైపు, ఒకసారి ఆవిడ మేజోళ్లవైపు చూసి, మూడు నిమిషాలు అన్నట్టు వేళ్లు చూపించి పక్కనే నిలబడ్డాడు. అత్తయ్య మేజోళ్లు బూట్లలో కుక్కి, రెండూ నా చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. అందరివీ నేను కాశాను. ఇవాళ నావి నువ్వు కాయి."

ఆ నల్ల రాళ్ల మీద వట్టి కాళ్లతో నిలబడి, కళ్లు మూసుకోకుండా, చేతులు కట్టుకుని గట్టిగానే ప్రార్థన చేసింది. "ప్రభువా, వచ్చాను. ఎవరూ తీసుకురాలేదు, నేనే వచ్చాను. కనపడుతున్నానా?" కొండ మళ్లీ ఎగిసింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఇది కూడా కాస్త సాయం చేసిందిలే" అని నావైపు తలూపి, ఆమెన్ అంది. బూట్లు గుండెలకి పొదువుకుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. గైడు తలతిప్పుకుని సముద్రం వైపు చూశాడు. అరికాలిమీద రెండు గాట్లు పడ్డాయి. అవి మానేదాకా ఇంటికొచ్చినవాళ్లందరికీ, పాస్టరుగారితో సహా, కాలు చాపి చూపించింది.

తిరిగొచ్చిన వారానికే బొమ్మని చీరకొంగులో చుట్టుకుని కొండపల్లి వెళ్లింది. మేస్త్రికి చూపు మందగించింది గానీ వేళ్లతో తడిమి తన పని గుర్తుపట్టాడు. మనిషిని ఊడదీసి పైన పెట్టమంటే, "అక్కడ నిలవదండీ మేడంగారూ. కొండ మూతి దగ్గర చోటేదండీ?" అన్నాడు. "వంకరగా ఉన్నా ఫర్లేదు, పెట్టు" అంది. ఆయన చింతగింజల ముద్ద కాస్త ఎక్కువే వేసి పెట్టాడు. మరి కొండ ఎంతుందో పిల్లలకెలా తెలుస్తుందని నవ్వుతూ అడిగాడట. "పైన మనిషి ఉన్నా తెలుస్తుందయ్యా" అందట.

రెండేళ్ల తర్వాత అత్తయ్య పోయింది. గుండెతో కాదు, అది రాసుకోవాలి. ఆఖరి రోజు వరకూ ఆవిడ గుండె గడియారంలా కొట్టుకుంది. పక్క ఫ్లాటావిడ నిన్న జల్లెడ తిరిగివ్వడానికి వచ్చి, తెలిసిన వడ్రంగి ఉన్నాడు, ఆ మనిషిని కిందికి దింపించి సరిచేయిస్తానంది. నేను బొమ్మని ఆవిడ చేతుల్లోంచి తీసుకుని, ఇంకాస్త ఎత్తుగా ఉంటుందని, బీరువా మీద పెట్టాను. అరవై ఏళ్లు మేం లాక్కున్నాం, ఒక్క సాయంత్రం ఆవిడ లాక్కుంది. మాకు దక్కిన అరవై ఏళ్లలో ఏం మిగిలిందో నాకు తెలియదు, ఆ సాయంత్రం మాత్రం ఇంకా మా ఇంట్లో పైనే ఉంది.